డిస్కు మింగేసే ప్లేయరు

సోనీ హెచ్‌డీ కెమెరాలతో ఇచ్చే చిన్న పుస్తకంలో ఒక తమాషా హెచ్చరిక ఉండేది. ఏవీసీహెచ్‌డీ అనే హెచ్‌డీ వీడియో పద్ధతిలో రైట్ చేసిన డీవీడీని మామూలు డీవీడీ ప్లేయర్లో పెట్టకండి, పెడితే డిస్కు మళ్ళీ బయటికి రాకపోవచ్చు అని! పెళ్ళి వీడియో ఇరుక్కుపోయిన ప్లేయర్ని ఏ మెకానిక్కు దగ్గరికి మోసుకెళ్ళాలో మాత్రం అందులో రాయలేదు.

చూపుకు అది మామూలు డిస్కే. 4.7 జీబీ ఖాళీ డీవీడీ, చెన్నై రిచీ స్ట్రీట్‌లో డబ్బాలకు డబ్బాలు దొరికిన సరుకు. కంప్యూటర్లో తెరిస్తే మాత్రం బీడీఎంవీ అనే ఫోల్డరు, దాని లోపల స్ట్రీమ్, అందులో 00000.ఎం2టీఎస్ అంటూ అన్నీ సున్నాల పేరుతో అసలు వీడియో కనబడతాయి. వేషం డీవీడీది, సరుకు బ్లూ-రేది. బ్లూ-రే డిస్కును చదివేది 405 నానోమీటర్ల నీలి-ఊదా లేజరు, డీవీడీని చదివేది 650 నానోమీటర్ల ఎర్ర లేజరు. బ్లూ-రే ప్లేయర్లలో రెండూ ఉంటాయి కాబట్టి డీవీడీ మీదున్న హెచ్‌డీ కూడా ఆడేది. అన్నట్టు, 2006లో సోనీ తెచ్చిన మొదటి బ్లూ-రే ప్లేయరు బీడీపీ-ఎస్1లో ఆడియో సీడీ ఆడదు. సీడీని పుట్టించిన రెండు కంపెనీల్లో సోనీ ఒకటి మరి!

అంతకుముందు కథ చిన్నదే. వీహెచ్ఎస్ క్యాసెట్టు పోయింది, 1993 నాటి వీసీడీ వచ్చింది. 352x288 చుక్కల మసక బొమ్మ, డిస్కుకు 74 నిమిషాలు. 2007లో మోజర్ బేర్ 28 రూపాయలకే సినిమా వీసీడీ అమ్మి బజారును ఊపేసింది. 2018 వచ్చేసరికి ఆ కంపెనీయే లిక్విడేషన్‌కు పోయింది.

ఎముకల కట్టుకు పేరుమోసిన పుత్తూరు లాంటి ఊళ్ళకు హెచ్‌డీ వచ్చింది పెళ్ళిళ్ళ పుణ్యమా అని. ఏవీసీహెచ్‌డీని సోనీ, పానసోనిక్ 2006లో ప్రకటించాయి. ఖరీదైన బ్లూ-రే డిస్కు, రైటరు కొనకుండా ఉన్న డీవీడీ రైటరుతోనే హెచ్‌డీ ఇవ్వొచ్చు. మెలిక ఎక్కడంటే, డీవీడీ మీద సెకనుకు 18 మెగాబిట్లు దాటకూడదు. ఆ లెక్కన ఒక డిస్కులో అరగంట పైచిలుకు పడుతుంది. కార్డు కెమెరాల్లో 24 మెగాబిట్లతో తీసింది నేరుగా ఎక్కదు, మళ్ళీ ఎన్‌కోడ్ చేయాల్సిందే. ముహూర్తం ఒక డిస్కు, రిసెప్షన్ రెండు డిస్కులు! చుట్టాల ఇళ్ళలో ఉన్నవేమో మామూలు ప్లేయర్లు. హెచ్‌డీలో తీసి, 720x576కి దించి, డీవీడీగా ఇవ్వడమే స్టూడియోలకు నిశ్చింత.

అమెరికాలో ఉన్న కూతురికి పంపితే ఇంకో తంటా. మన కెమెరాలు సెకనుకు 25 ఫ్రేముల లెక్కలో, 50ఐగా తీసేవి. అక్కడ అమ్మిన బ్లూ-రే ప్లేయర్లు చాలావాటికి అది పడదు. డిస్కు తప్పూ లేదు, రైట్ చేసినవాడి తప్పూ లేదు.

డిస్కులతోపాటు పోయినదాంట్లో నిజంగా విచారించాల్సింది మెనూ. వధూవరుల ఫోటో వెనక, పక్కన వరసగా స్నాతకం, జీలకర్ర-బెల్లం, తలంబ్రాలు, అప్పగింతలు. రిమోట్ నొక్కితే నేరుగా అప్పగింతలకే పోవచ్చు. ఇప్పటి పెన్‌డ్రైవులో మూడు గంటల ఫైలును ముందుకీ వెనక్కీ లాక్కుంటూ వెతుక్కోవడమే. దీన్ని అభివృద్ధి అనడానికి మనసొప్పదు.

2025 ఫిబ్రవరిలో సోనీ రికార్డబుల్ బ్లూ-రే డిస్కుల తయారీ ఆపేసింది. బీరువాలో ఏవీసీహెచ్‌డీ డిస్కు ఉన్నవాళ్ళు కంప్యూటర్లో పెట్టి, స్ట్రీమ్ ఫోల్డరులోని ఎం2టీఎస్ ఫైళ్ళు కాపీ చేసుకుంటే చాలు. వీఎల్‌సీలో ఆడతాయి, మెనూ తప్ప.