కాశీలో తొలిసారి బస: ఏ పేటలో దిగితే ఎవరికి అనుకూలం

మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథలు పేరులోనే ఒక పాత ప్రయాణ పద్ధతిని దాచుకున్నాయి. కాశీయాత్ర అంటే ఒకనాడు నెలల తరబడి సాగే ప్రయాణం. ఏ పూట ఎక్కడ దిగాలన్నదే ఆనాటికి పెద్ద ఆలోచన. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో బయలుదేరి కాశీకి వెళ్ళి, 1831 సెప్టెంబరులో తిరిగి ఇల్లు చేరారు. ఆయన యాత్రాచరిత్ర 1838లో అచ్చయింది. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటేనన్న సామెత అటువంటి రోజుల్లో పుట్టింది. రైళ్ళు, విమానాలు వచ్చి దారిలోని మజిలీలు మాసిపోయాయి. ఊరు చేరాక ఎక్కడ దిగాలన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంది. నేటి యాత్రికుడి అసలు ప్రయాస చివరి ఒక్క కిలోమీటరులోనే ఎదురవుతుంది. వెంట వృద్ధులైన తల్లిదండ్రులు ఉంటే ఆ కిలోమీటరే యాత్ర మంచిచెడ్డలను తేలుస్తుంది.

వారణాసి వద్ద గంగ ఉత్తరాభిముఖంగా ప్రవహిస్తుంది. పాత ఊరంతా పడమటి ఎత్తు ఒడ్డున ఉంది. ఎదుటి గట్టు చాలాచోట్ల ఇసుక మేట. దక్షిణాన అసి సంగమం మొదలు ఉత్తరాన వరుణ సంగమం వరకు, ఆరేడు కిలోమీటర్ల నదీ వంపు పొడవునా 84 ఘాట్లు ఉన్నాయని లెక్క. ఈ క్షేత్రాన్ని సంప్రదాయం మూడు ఖండాలుగా విభజించింది. ఉత్తరాన ఓంకార ఖండం, నడుమ విశ్వేశ్వర ఖండం, దక్షిణాన కేదార ఖండం. శివుని త్రిశూలపు మూడు మొనల మీద ఈ మూడు ఖండాలు నిలిచాయని నమ్మకం. బస వెతుక్కునేవారికి కూడా ఈ పాత విభజన ఈనాటి పటాలకంటే త్వరగా ఊరిని అర్థం చేయిస్తుంది.

విశ్వేశ్వర ఖండం: గుడి పక్కనే, జనం మధ్యనే

గొదౌలియా కూడలి, దశాశ్వమేధ ఘాట్, విశ్వనాథ గల్లీ, చౌక్ ప్రాంతాలు ఊరికి గుండెకాయ వంటివి. 1780లో అహల్యాబాయి హోల్కర్ నిర్మించిన ప్రస్తుత విశ్వనాథాలయం, అన్నపూర్ణ ఆలయం, మీర్ ఘాట్ చేరువలోని విశాలాక్షి ఆలయం, జైసింగ్ వేధశాల ఉన్న మాన్ మందిర్ ఘాట్ అన్నీ ఇక్కడ నడక దూరంలోనే ఉంటాయి. తెల్లవారుజామున మూడు గంటలకు మొదలయ్యే మంగళ హారతిని చూడదలచినవారికి ఇంతకు మించిన చోటు లేదు. దూరపు పేటల నుంచి ఆ వేళ వాహనం దొరికించుకుని రావడం కష్టం.

అయితే అనుకూలతకు తగ్గ మూల్యమూ ఉంది. రద్దీ వేళల్లో ఆటోలను, కార్లను గొదౌలియాకు ముందే నిలిపివేస్తారు. ఉత్తరం వైపు నుంచి వచ్చే వాహనాలకు మైదాగిన్ దగ్గర అదే పరిస్థితి. అక్కడి నుంచి సామాను చేతబట్టుకుని, లేదా కూలీని మాట్లాడుకుని, సందుల్లో నడవాలి. రెండు చేతులు చాచితే రెండు గోడలూ తగిలే సందులవి. వాటిలోనే మోటారు సైకిళ్ళు, ఆవులు, పూలబుట్టలు, మణికర్ణికకు సాగే పాడెలు. రామనామ సత్యమంటూ సాగే ఆ పిలుపు రాత్రి పగలు తేడా లేకుండా కిటికీ కిందనుంచి వినిపిస్తుంది. కొందరికి కాశీ అంటే అదే. నిద్రపట్టనివారికి, చిన్నపిల్లలను తెచ్చుకున్నవారికి అది మరొకలా ఉంటుంది.

2021 డిసెంబరు 13న ప్రారంభమైన విశ్వనాథ్ ధామ్ ఈ ప్రాంతపు స్వరూపాన్ని మార్చింది. సుమారు 300 ఆస్తులను సేకరించి, ఆలయం నుంచి లలితా ఘాట్ వరకు విశాలమైన ప్రాంగణం నిర్మించారు. దానివల్ల నది వైపు నుంచి నేరుగా గుడికి చేరవచ్చు. పాత యాత్రాకథనాల్లో చదివిన సందులు, ఇళ్ళు కొన్ని ఇప్పుడు లేవు. కాబట్టి పదేళ్ళ కిందట వచ్చిన బంధువులు చెప్పే దారి గుర్తులను నమ్ముకుని ఇక్కడ గది తీసుకోకూడదు. ఆలయంలోకి సెల్‌ఫోన్లను అనుమతించరు గనుక, గుడి పక్కనే బస ఉన్నవారు వాటిని గదిలోనే వదిలి వెళ్ళగలగడం ఒక చిన్న సౌలభ్యం.

కేదార ఖండం: తెలుగువారి పాత చిరునామా

గొదౌలియా నుంచి దక్షిణంగా అసి వైపు సాగే పెద్దరోడ్డు మీద జంగంబాడీ, మదన్‌పురా, పాండే హవేలీ, సోనార్‌పురా, శివాలా వరుసగా వస్తాయి. ఈ రోడ్డుకూ నదికీ మధ్యనున్న పేటలే కొన్ని తరాలుగా దక్షిణాది యాత్రికులకు ఆటపట్టు. వీరశైవుల పంచపీఠాల్లో ఒకటైన జంగమవాడి మఠం ఇక్కడే ఉంది. ఆ అయిదింటిలో మరొకటి శ్రీశైలంలో ఉంది. పాండే హవేలీ, మానససరోవర ఘాట్ ప్రాంతంలోని శ్రీ రామతారక ఆంధ్రాశ్రమం పేరు తెలియని తెలుగు కాశీయాత్రికులు తక్కువ. కులసంఘాలు, మఠాలు నడిపే తెలుగు సత్రాలు చుట్టుపక్కల మరికొన్ని ఉన్నాయి. ఎర్రటి, తెల్లటి చారల మెట్లతో దూరం నుంచే గుర్తుపట్టగల కేదార ఘాట్ పక్కనే విజయనగరం సంస్థానాధీశుల పేరుతో విజయనగరం ఘాట్ ఉంది. మరి కాస్త దక్షిణాన హనుమాన్ ఘాట్ తమిళుల నెలవు. సుబ్రహ్మణ్య భారతి యౌవనంలో నివసించినది అక్కడే.

ఈ పేటల సందుల్లో తెలుగు బోర్డులు కనిపిస్తాయి, తెలుగు అర్థమయ్యే పడవవారు, పురోహితులు దొరుకుతారు. ఇడ్లీ, సాంబారు అన్నం కోసం వెతుక్కోనక్కరలేదు. ఇంటికి దూరమై హిందీ రాని వృద్ధురాలికి ఇది ఎంతటి ధైర్యమో, ఆమెను తీసుకువచ్చిన కొడుకో కూతురో ఒక్క పూటలోనే గ్రహిస్తారు. తొమ్మిది రాత్రులు కాశీవాసం చేయాలనే సంకల్పంతో వచ్చేవారు ఎక్కువగా ఇక్కడే దిగడానికి కారణం ఇదే. కేదార ఖండంలో దేహం విడిచినవారికి భైరవ యాతన ఉండదన్న విశ్వాసమూ ఈ పేటకు పెద్దల మనసులో ప్రత్యేక స్థానం ఇచ్చింది. జీవిత చరమాంకంలో ఇక్కడికి వచ్చి స్థిరపడినవారు సత్రాల అరుగుల మీద నేటికీ కనిపిస్తారు.

ఇక్కడి నుంచి విశ్వనాథాలయం సుమారు ఒకటిన్నర కిలోమీటరు. ఘాట్ల వెంట నడవవచ్చు, పడవలో వెళ్ళవచ్చు, లేదా పెద్దరోడ్డుకు సమాంతరంగా సాగే బెంగాలీ టోలా సందులో దుకాణాలు చూస్తూ పోవచ్చు. పాండే హవేలీ దగ్గరో, సోనార్‌పురాలోనో ఆటో దిగితే సత్రం వరకు నడక చాలావరకు అయిదు పది నిమిషాలే. గొదౌలియా రద్దీతో పోలిస్తే ఇది చాలా నయం. ఒక సంగతి మాత్రం ముందే తెలిసి ఉండాలి. కేదార ఘాట్‌కూ హనుమాన్ ఘాట్‌కూ నడుమ ఉన్నది హరిశ్చంద్ర ఘాట్. చితులు అక్కడ అహర్నిశలూ వెలుగుతూనే ఉంటాయి. గాలి వాలును బట్టి పొగ పై అంతస్తుల గదుల్లోకి వస్తుంది. ఉబ్బసం ఉన్నవారు నది కనిపించే గది కోసం పట్టుబట్టకుండా రోడ్డు వైపు గది అడగడం మంచిది.

సత్రాల నియమాలు హోటళ్ళ నియమాలవంటివి కావు. కొన్నింట ఒంటరిగా వచ్చినవారికి గది ఇవ్వరు. కొన్నింట బస ఇన్ని రోజులకే అన్న పరిమితి ఉంటుంది. భోజనానికి ఉదయమే పేరు చెప్పాలి. పెద్దలందరి గుర్తింపు కార్డులూ వెంట ఉండాలి. విదేశీ పౌరసత్వం తీసుకున్న తెలుగువారు పాస్‌పోర్టు చూపించాలి. గంగా పుష్కరాల వంటి సమయాల్లో, 2023 ఏప్రిల్ 22 నుంచి మే 3 వరకు జరిగినట్టు, ఈ గదులకు సిఫారసులు కూడా పనిచేయవు.

అసి, లంక: కాస్త ఊపిరి పీల్చుకునే చోటు

దక్షిణపు కొసనున్న అసి ఘాట్ వరకు కార్లు దాదాపుగా రాగలవు. రోడ్లు వెడల్పు, హోటళ్ళు కొత్తవి. 1916లో మదనమోహన మాలవీయ స్థాపించిన బనారస్ హిందూ విశ్వవిద్యాలయం, అందులోని కొత్త విశ్వనాథ మందిరం, సంకటమోచన హనుమాన్ ఆలయం, దుర్గాకుండ్, తులసీ ఘాట్ ఇక్కడికి దగ్గర. ఉదయం ఘాట్ మీద హారతి, సంగీతం, యోగాభ్యాసం జరుగుతాయి. సంగీత సాహిత్యాల మీద ఆసక్తితో వచ్చే యువతకు, వారం పది రోజులుండి రాసుకోదలచినవారికి, విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో చికిత్స కోసం వచ్చేవారి బంధువులకు ఇది తగిన పేట. విశ్వనాథాలయం మూడు కిలోమీటర్ల పైచిలుకు దూరం కావడమే లోపం. రోజుకు రెండుసార్లు దర్శనానికి వెళ్ళాలనుకునేవారు ఆటోల బేరంలోనే అలసిపోతారు.

కంటోన్మెంట్, సిగ్రా: గంగ కనిపించని సౌఖ్యం

వారణాసి జంక్షన్ స్టేషన్ చుట్టూ, దానికి ఉత్తరాన కంటోన్మెంటులో, దక్షిణాన సిగ్రా, రథయాత్ర కూడళ్ళ దగ్గర లిఫ్టు, వాహనాలు నిలిపే చోటు, వేడినీళ్ళు ఉన్న హోటళ్ళు ఉన్నాయి. బాబత్‌పూర్‌లోని లాల్ బహదూర్ శాస్త్రి విమానాశ్రయం సుమారు 25 కిలోమీటర్లు, సారనాథ్ సుమారు 10 కిలోమీటర్లు. ప్రయాగ, గయలకు కారులో వెళ్ళివచ్చే కార్యక్రమం పెట్టుకున్నవారికి, మోకాళ్ళ నొప్పులతో మెట్లు ఎక్కలేనివారికి ఇదే క్షేమం. పితృపక్షంలో పిశాచమోచన కుండం వద్ద శ్రాద్ధం కోసమే వచ్చేవారికి కూడా నది ఒడ్డు బస అవసరం లేదు. ఆ కుండం ఊరి లోపలి భాగంలో ఉంది. అయితే తొలిసారి వచ్చినవారు అన్ని రాత్రులూ ఇక్కడే గడిపితే, కాశీలో ఉన్నామన్న భావన కలగకుండానే తిరిగి వెళ్ళే ప్రమాదం ఉంది. తెల్లవారుజామున లేచి అయిదు కిలోమీటర్లు ప్రయాణించి స్నానానికి వెళ్ళేవారు మొదటిరోజు ఉత్సాహంగా వెళతారు, మూడోరోజు మానేస్తారు.

ఉత్తరాన మైదాగిన్, పంచగంగా ఘాట్, రాజ్‌ఘాట్ ప్రాంతాల్లో కాలభైరవ ఆలయం తప్ప తొలి యాత్రికుడు ప్రత్యేకించి బస చేయదగ్గ కారణం తక్కువ. రెండోసారి వచ్చేవారికి ఆ నిశ్శబ్దపు ఘాట్లు నచ్చుతాయి.

ఋతువును బట్టి నిర్ణయం మారుతుంది

జూలై నుంచి సెప్టెంబరు వరకు గంగ పెరుగుతుంది. ఇక్కడ ప్రమాద స్థాయి 71.262 మీటర్లు. నీరు అంత ఎత్తుకు చేరకముందే ఘాట్ల మధ్య నడకదారి మునుగుతుంది, పడవలను నిలిపివేస్తారు. దశాశ్వమేధ హారతి ఇళ్ళ మిద్దెల మీదికి, మణికర్ణికలో దహనాలు పై అరుగుల మీదికి మారుతాయి. అసికి ఆనుకుని ఉన్న నగవా, సామ్నే ఘాట్ వంటి పల్లపు ప్రాంతాల్లోకి వరద నీరు వస్తుంది కాబట్టి, ఆగస్టులో అక్కడ చవకగా దొరికే గదిని చూసి మురిసిపోకూడదు. శ్రావణ సోమవారాల్లో, మహాశివరాత్రికి, గొదౌలియా పరిసరాల్లో కంచెలు కట్టి రాకపోకలు మళ్ళిస్తారు. కార్తిక పౌర్ణమినాటి దేవ్ దీపావళికి నది కనిపించే గదుల అద్దె కొన్ని రెట్లు పెరుగుతుంది. డిసెంబరు చివర, జనవరిలో పొగమంచు వల్ల రైళ్ళు గంటల కొద్దీ ఆలస్యమవుతాయి. రాత్రి పదింటికి దిగవలసినవారు తెల్లవారుజామున మూడింటికి దిగడం ఆ రోజుల్లో వింత కాదు. అటువంటప్పుడు మొదటి రాత్రి స్టేషన్ దగ్గరే గడిపి, వెలుతురు వచ్చాక పాత ఊరిలోకి వెళ్ళడం తెలివైన పని.

ఏ స్టేషన్‌లో దిగుతున్నామో కూడా చూసుకోవాలి. ఒకప్పటి మొఘల్‌సరాయ్ 2018లో పండిత్ దీనదయాళ్ ఉపాధ్యాయ జంక్షన్ అయింది. అది నదికి ఆవల, ఊరికి 15 కిలోమీటర్ల పైన ఉంది. ఒకప్పటి మండువాడీహ్ ఇప్పుడు బనారస్ స్టేషన్. వారణాసి సిటీ, కాశీ అనే స్టేషన్లు వేరే ఉన్నాయి. టికెట్టు మీది పేరును చూడకుండా బస నుంచి ఆటో పిలిపించుకున్నవారు ఎవరి కోసం ఎవరు ఎక్కడ నిలబడ్డారో తెలియక ఇబ్బంది పడుతుంటారు.

గది ఖాయం చేసుకునే ముందు ఫోనులో అడగవలసినవి ధర, ఏసీ మాత్రమే కావు. వాహనం ఆగే చివరి చోటు నుంచి ఎన్ని నిమిషాల నడక, దారిలో మెట్లున్నాయా, గది ఏ అంతస్తులో ఉంది, లిఫ్టు ఉందా, మరుగుదొడ్డి కూర్చునేందుకు వీలైనదేనా అన్నవి ముందు తేలాలి. నది ఒడ్డు పాత భవనాల్లో అంతస్తులు ఎక్కువ, మెట్లు నిటారు. సత్రాల పేరిట నకిలీ వెబ్‌సైట్లు పెట్టి ముందస్తు సొమ్ము వసూలు చేసే మోసగాళ్ళూ ఉన్నారు. వ్యక్తిగత ఖాతాకు డబ్బు పంపమంటే, అదే సత్రంలో లోగడ దిగినవారిని విచారించాకే ముందుకు సాగాలి. మోసపోయినట్టు తెలిసిన వెంటనే సైబర్ నేరాల సహాయ సంఖ్య 1930కి చెప్పాలి. పర్యాటకుల సహాయానికి కేంద్ర పర్యాటక శాఖ సంఖ్య 1363 రాత్రింబవళ్ళు పనిచేస్తుంది. స్టేషన్ బయట మీ సత్రం మూతపడిందని చెప్పి వేరేచోటికి తీసుకుపోయే ఆటోవారి మాట వినేముందు, సత్రానికి ఒక్కసారి ఫోను చేస్తే చాలు.

నాలుగైదు రోజుల వ్యవధి ఉన్న కుటుంబానికి అనుభవజ్ఞులు చెప్పే పద్ధతి ఒకటుంది. మొదటి మూడు రాత్రులు కేదార ఖండంలో గడిపి, స్నానాలు, దర్శనాలు, పితృకార్యాలు ముగించుకుని, చివరి రాత్రికి స్టేషన్ దగ్గరి హోటలుకు మారతారు. సారనాథ్ ఆ చివరిరోజున చూస్తారు. సందుల్లోంచి సామాను ఒక్కసారే, అదీ పగటివేళ, తీరికగా బయటికి వస్తుంది.