మంద్రస్థాయికి దిగిన గిటారు

1965లో ఇంగ్లండునందలి బర్మింగ్‌హామ్ నగరమున, లోహపు రేకుల కర్మాగారములో పనిచేయుచుండిన పదునేడేండ్ల టోనీ అయోమీ, చేయి యంత్రమున బడి కుడిచేతి రెండు వ్రేళ్ల కొనలు కోల్పోయియు, ప్లాస్టిక్కు సీసాను కరగించి తొడుగులు చేసికొని, వానిపై తోలు అతికించి, ఎలక్ట్రిక్ గిటారును విడువక సాధించెను. ఎంతటి పట్టుదల! వ్రేళ్లకు శ్రమ తగ్గుటకై సన్నని తంత్రులనే వాడి, 1971 నాటి 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ' అను ఆల్బములో పలు పాటలకు శ్రుతిని మూడు స్వరస్థానములు దించగా, ఆ గంభీరనాదము హెవీ మెటల్ సంగీతమునకు ఒరవడియయ్యెను.

తరువాతివారు మరింత దిగినకొలది, వదులైన తంత్రి మెట్లకు తగిలి జీరవోవుటచే, లావుతంత్రులు ఆవశ్యకములైనవి. అయితే తంత్రి మార్చినంతనే పని ముగియదు; మెడ చివరి గాడిని సన్నని ఆకురాయితో వెడల్పుచేసి, మెడలోని ఉక్కుకడ్డీని త్రిప్పి వంపు సరిదిద్ది, బ్రిడ్జిపైని ఆనికను కొంచెము వెనుకకు జరుపవలెను. ఈ కడపటి పనిని ఉపేక్షించినచో, ఎంత వెలగల గిటారైనను పైమెట్లయందు అపశ్రుతియే పలుకును.