ఎకానమీ ప్యాక్ అంటే నిజంగా చవకేనా? కొనే ముందు ఇది చూడండి

నెల సరుకులకు సూపర్ మార్కెట్‌కి వెళ్తే ఎకానమీ ప్యాక్, వాల్యూ ప్యాక్, ఫ్యామిలీ ప్యాక్ అంటూ పెద్ద ప్యాకెట్లు కనిపిస్తాయి. పెద్దది కొంటే కలిసొస్తుందని చాలామంది బుట్టలో వేసేస్తారు. అసలు ఈ పేర్లకు అర్థం ఏంటి?

మాట ఎక్కడిది?
ఎకానమీ అనే మాటకు గ్రీకులో మూలార్థం ‘ఇంటి నిర్వహణ’. ఆ తర్వాత పొదుపు అనే అర్థం వచ్చింది. ఎకానమీ ప్యాక్ అంటే, చిన్న ప్యాకెట్‌తో పోలిస్తే గ్రాముకో, మిల్లీలీటరుకో తక్కువ ధర పడే ప్యాక్ అని. ఫ్యామిలీ ప్యాక్ అంటే మాత్రం ఇంటిల్లిపాదికీ సరిపడే సైజు అనే. ధర తక్కువని అందులో ఎక్కడా లేదు.

అమెరికాలో ఒకప్పుడు ‘ఎకానమీ సైజు’ అని రాయాలంటే, అదే బ్రాండ్ మిగతా సైజుల కంటే యూనిట్ ధర కనీసం 5 శాతం తక్కువ ఉండాలనే నిబంధన ఉండేది. కాలం చెల్లిందంటూ 2015లో దాన్ని తీసేశారు.

లెక్క ఇలా చూడాలి
ఉదాహరణకు 200 గ్రాముల ప్యాకెట్ రూ.50 అనుకుందాం. గ్రాముకు 25 పైసలు. అదే సరుకు 500 గ్రాముల ప్యాక్ రూ.130 అయితే గ్రాముకు 26 పైసలు. అంటే పెద్ద ప్యాకే ఖరీదు! షాంపూల్లో ఇలాంటివి బాగా కనిపిస్తాయి. బాటిల్ కంటే సాచెట్‌లోనే మిల్లీలీటరు ధర తక్కువ పడే సందర్భాలున్నాయి.

ప్యాకెట్ మీదే ఉంటుంది
ఈ లెక్క కస్టమర్ వేసుకునే పని లేకుండా, 2021లో ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్‌ని కేంద్రం సవరించింది. ఎంఆర్‌పీతో పాటు ‘యూనిట్ సేల్ ప్రైస్’ కూడా ముద్రించాలి. కిలో లోపు ప్యాకెట్ అయితే గ్రాముకు, కిలో దాటితే కిలోకు ఎంతో రాస్తారు. ద్రవాలకు మిల్లీలీటరు, లీటరు లెక్క. కొన్నింటిపై యూఎస్‌పీ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది.

రెండు సైజుల మీదా ఆ అంకె పోల్చి చూస్తే చాలు. ఎక్స్‌పైరీ డేట్ కూడా చూడాలి. వాడేలోపే పాడైతే చవకగా కొన్నా నష్టమే. ధర, తూకం విషయంలో ఫిర్యాదు ఉంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు.