తెరచిన గ్రంథభాండారములు - మన పిల్లల చదువు

తంజావూరు సరస్వతీ మహలు పేరు వినని తెలుగు కుటుంబము దక్షిణదేశమున అరుదు. నాయకరాజుల కాలమున మొలకెత్తి, మహారాష్ట్ర ప్రభువుల నాట, విశేషించి రెండవ శరభోజి చేత వర్ధిల్లిన ఆ భాండారమున మన పెద్దల యక్షగానములు, ప్రబంధములు తాటాకులపై నిలిచినవి. అయితే గ్రంథము నిలుచుట వేరు, అది చదువుకొనువాని చేతికి అందుట వేరు. ఉన్నతవిద్య చరిత్ర చాలవరకు ఈ రెండింటి నడిమి దూరపు చరిత్రయే యని మేము తలంతుము.

ఒక్క ఉదాహరణము చాలును. ప్రతాపసింహ మహారాజు (1739-1763) ఏలుబడిలో తంజావూరున ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ రచించినది. 1887లో అది అచ్చయినపుడు పీఠికయు కొన్ని పద్యములును విడిచివేయబడినవి. నంజనగూడున 1878లో జన్మించి చెన్నపట్టణమున స్థిరపడిన బెంగుళూరు నాగరత్నమ్మ ఆ పుస్తకముతో తృప్తిపడక, వ్రాతప్రతిని సంపాదించి, రెండింటిని సరిచూచి, 1910లో సమగ్రముగా ప్రకటింపజేసినది. ఆంగ్లప్రభుత్వము దానిని అశ్లీలమని నిషేధించెను. 1947లో ఆ నిషేధము తొలగినది. 1952లో గ్రంథము మరల అచ్చయినది. నాగరత్నమ్మ ఏ విశ్వవిద్యాలయమునకును చెందినది కాదు. అయినను పరిశోధన యనగా ఆమె చేసిన పనియే: రెండు ప్రతులను ప్రక్కప్రక్కన పెట్టి చూచుట. ఆనాడు ఆ రెండు ప్రతులు దొరకుటయే గగనము.

ఈనాడు ఆ భాగ్యము సామాన్య విద్యార్థికిని కలుగుచున్నది. 1991లో అమెరికాలో పాల్ గిన్స్‌పార్గ్ అను భౌతికశాస్త్రజ్ఞుడు, పత్రికలలో అచ్చుపడకమునుపే శాస్త్రవ్యాసములను ఎల్లరును ఉచితముగా చదువుకొనుటకు ‘ఆర్కైవ్’ అను కంప్యూటరు భాండారము నెలకొల్పెను. 2002 నాటి బుడాపెస్టు ప్రకటన ఇట్టి పద్ధతికి ‘ఓపెన్ యాక్సెస్’ అను పేరు స్థిరపరచెను. ‘సార్వత్రిక ప్రవేశము’ అన్నచో మనకు సుబోధము. సార్వత్రికమను మాట తెలుగువారికి క్రొత్తదియు కాదు. దేశమున మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982లో హైదరాబాదుననే వెలసినది గదా! అది బడి వాకిలి తెరచినది. ఇది పుస్తకపు బీరువా తెరచినది.

తెలుగు పుస్తకముల విషయమున ఈ బీరువా తెరచినవారిలో ముఖ్యుడు చిత్తూరు జిల్లాలో జన్మించి, 1994లో ట్యూరింగ్ పురస్కారము నందిన రాజ్ రెడ్డి. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమునుండి ఆయన తలపెట్టిన పదిలక్షల పుస్తకముల యత్నములో మన దేశపు సంస్థలు పాల్గొని, వేలకొలది తెలుగు గ్రంథములను పుటపుటకు ఛాయాప్రతులు తీసినవి. తరువాత ఆ భారతీయ డిజిటల్ గ్రంథాలయపు వాకిలి మూతపడినను, గ్రంథములు పెక్కు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దక్కినవి. అందలి తెలుగు పేర్లను రోమను లిపిలో వ్రాసిన తీరు చూచిన నవ్వవలెనో ఏడ్వవలెనో తెలియదు. ‘శోధగంగ’ యను భాండారమున మన విశ్వవిద్యాలయముల పరిశోధనగ్రంథములును చేరుచున్నవి. ఒకప్పుడు ఇవి గ్రంథాలయపు అటకపై ధూళిని మోయుచుండెడివి.

అన్ని తలుపులును తెరచుకొనలేదు. 2025 జనవరి 1 నుండి కేంద్రప్రభుత్వము ‘ఒక దేశము, ఒక చందా’ యను పథకము క్రింద విదేశ పత్రికలకు చందా చెల్లించుచున్నది; ఇందుకు మూడేండ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించినది. ఇది ప్రభుత్వ విద్యాసంస్థలకు మేలే. కాని ఇది చందాయే గాని సార్వత్రిక ప్రవేశము కాదు. ఏ సంస్థలోను చేరని నాగరత్నమ్మ వంటివారు నేటికిని వెలుపలనే నిలువవలెను.

మన కుటుంబములకు మరియొక తాళము కలదు. తమిళనాట 2006 నాటి చట్టము తమిళ పఠనమును తప్పనిసరి చేసిన పిమ్మట బడులలో తెలుగునకు చోటు తగ్గినది. తమిళము నేర్చుటలో తప్పు లేదు. అది మనకు అన్నము పెట్టు భాష. కాని ఇంట తెలుగు మాటాడు పిల్లలలో ఎందరు తెలుగు చదువగలరు? హోసూరు విద్యార్థిని చేతిలోని ఫోనులో తంజావూరు యక్షగానము తెరచియే యుండును; అక్షరము రాకున్న అది ఆమెకు బొమ్మయే.

యంత్రము చదివి పెట్టదా యందురు. కొంత చదువును. పాత అచ్చులోని అరసున్నల వద్ద, వలపలగిలకల వద్ద తడబడును. తెలుగు వికీసోర్స్‌లో స్వచ్ఛందముగా పనిచేయువారు యంత్రము చదివిన పుటలను మూలముతో సరిచూచి దిద్దుచున్నారు. ఇందుకు పట్టములు అక్కరలేదు, తెలుగు చదువ వచ్చిన చాలును. మన సంఘములు నడపు ఆదివారపు తరగతులలో పెద్దపిల్లలకు వారమున కొక పుట చొప్పున ఈ పని ఒప్పగింపవచ్చును. తంజావూరు యక్షగానములతో మొదలిడిన బాగుండునని మా యభిప్రాయము.