కాశీకి పోని ముత్తాత



మా ముత్తాత అప్పలస్వామి కాశీకి పోయి సన్న్యాసులలో కలిసిపోయినాడని మా ఇంట చెప్పుకొనేవారు. ఊరివారు మాత్రం ఓడ ఎక్కినాడనేవారు. మరణవార్త ఏదీ రానందున మా తాతమ్మ కడవరకు బొట్టు తీయలేదట. ఈ రెండు మాటలలో ఏది నిజమో తేల్చుకోవలెనని ఉద్యోగ విరమణ తరువాత పూనుకొన్నాను.

1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుండి బయలుదేరిన తొలి ఒప్పందపు కూలీలను దక్షిణాఫ్రికాలోని నేటాలుకు చేర్చినది. 1911 వరకు సాగిన ఈ వలసలో సుమారు 1,52,000 మంది వెళ్ళినారు. వారిలో మా విశాఖపట్నం జిల్లావారు చాలామంది. ఓడల వారీగా వ్రాసిన పట్టీలలో ప్రతి కూలీ పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, ఊరు, ఒంటిమీది గుర్తులు కనిపిస్తాయి.

సింహాద్రి అప్పన్న పేరు లేని ఇల్లు మా ప్రాంతంలో అరుదు. కనుక పట్టీలలో అప్పలస్వాములకు కొదువ లేదు. అందరూ 'అప్పలసామి' అనే ఉన్నారు. స్వామి ప్రకృతి, సామి వికృతి అని పిల్లలచేత ఎన్నిసార్లు వ్రాయించానో! తండ్రి పేరు, ఊరి పేరు రెండూ కలిసిన వరుస ఒక్కటే దొరికినది. 1897వ సంవత్సరం, వయస్సు 26, ఎడమకాలిపై మచ్చ. ఆ మచ్చ సంగతి మా ఇంట ఎవరికీ తెలియదు.

1896-97లో మా జిల్లాలో కరువు. నేటాలులో తొలి యేడు నెలకు 10 షిల్లింగుల కూలి, ఏటా ఒక షిల్లింగు పెంపు. అయిదేండ్ల గడువు తీరిన పిదప మరల ఒప్పందం వ్రాయవలెను, లేదా స్వదేశానికి మరలవలెను, లేదా 1895 నాటి చట్టం ప్రకారం ఏటా 3 పౌన్ల పన్ను కట్టవలెను. 3 పౌన్లంటే 60 షిల్లింగులు. అయిదవ యేటి కూలి లెక్కన నాలుగు నెలల పైచిలుకు కష్టార్జితం. గాంధీగారు నడిపిన 1913 నాటి సమ్మె తరువాత, 1914లో గాని ఆ పన్ను తొలగలేదు.

అయితే ఒక మాట దాచరాదు. గడువు తీరినవాడు తిరిగి రావచ్చును. మా ముత్తాత రాలేదు. చెరకుతోటలోనే కన్నుమూసినాడో, అక్కడే మరొక సంసారం ఏర్పరచుకొన్నాడో ఆ వరుస చెప్పదు. కరువు ఆయన వెళ్ళడానికి కారణం చెప్పగలదు గాని, తాతమ్మ ఎదురుచూపుకు జవాబు చెప్పలేదు. సముద్రం దాటినవాని ఇంటిని కులం వెలివేస్తుందన్న భయంతో ఆమే కాశీ కథ కల్పించినదేమోనని ఇప్పుడు అనిపిస్తున్నది.

సన్న్యాసి అయినాడన్న నమ్మకంతో మా తాతగాని, తండ్రిగాని ఆయనకు తర్పణాలు విడువలేదు. మరణతిథి తెలియనివారికి మహాలయ అమావాస్య ఉన్నది. మొన్న ఆ దినాన ఆయన పేరు, తాతమ్మ పేరు కలిపి చెప్పి తిలోదకాలు విడిచినాను.

మీ ఇండ్లలోనూ కాశీకి పోయినవారు ఉంటే ఒకసారి ఓడల పట్టీలు చూడవలసినదిగా మనవి.

స్వస్తి.