లివర్‌పూల్ యాత్ర: బీటిల్స్ నడచిన వీధులు

యాత్ర అనగానే మనకు క్షేత్రమో తీర్థమో స్ఫురిస్తుంది. కవి పుట్టిన ఇంటిని చూడబోవడం పాశ్చాత్యులకు చిరకాలంగా ఉన్న వాడుక. పాటగాళ్ళు అద్దెకున్న ఇళ్ళను వెదుక్కుంటూ ఒక రేవుపట్టణానికి ప్రపంచం నలుమూలల నుంచి జనం తరలిరావడం మాత్రం ఇరవయ్యో శతాబ్దపు వింత. ఇంగ్లండు వాయవ్య తీరాన, మెర్సీ నది సముద్రంలో కలిసే చోట ఉన్న లివర్‌పూల్ ఆ పట్టణం. జాన్ లెనన్, పాల్ మెకార్ట్‌నీ, జార్జ్ హారిసన్, రింగో స్టార్ అనే నలుగురు 1940కీ 1943కీ నడుమ అక్కడ పుట్టినారు. వారి బృందమే బీటిల్స్.

ఈ ఊరితో మన కాకినాడకు పాత సంబంధం ఒకటి ఉన్నది. అమెరికాలో 1861 నుంచి 1865 వరకు అంతర్యుద్ధం సాగినప్పుడు అక్కడి పత్తి రాక ఆగిపోయి లాంకషైరు మిల్లులు పస్తున్నవి. వర్తకులు హిందూదేశం వైపు తిరిగినారు. కాకినాడ రేవు నుంచి పత్తి ఎగుమతి పెరిగినది. ‘కోకనాడ’ అనే పేరుతోనే ఒక రకం పత్తి వర్తకంలో చలామణీ అయినది. ఇంగ్లండులో పత్తి బేరానికి కేంద్రం లివర్‌పూల్. ఆ బజారులోనే, కొన్ని దశాబ్దాల తరువాత, నమూనాలు మోసే కుర్రవానిగా చేరి అమ్మకందారు స్థాయికి ఎదిగినవాడు జిమ్ మెకార్ట్‌నీ, పాల్ తండ్రి. పగలు పత్తి బేరం. 1920లలో సాయంకాలం వేళ సొంత జాజ్ బృందం. కొడుకు సంగీతానికి తొలి గురువు ఎవరని అడిగితే నేను ఈయన పేరే చెబుతాను. 1906 నాటి పత్తి ఎక్స్ఛేంజి భవనం ఓల్డ్ హాల్ స్ట్రీట్‌లో ఇప్పటికీ ఉన్నది కాని, దాని ఘనమైన ముఖభాగాన్ని 1960ల చివర తొలగించినారు. యాత్రికులు చాలామంది దాని వైపు కన్నెత్తి చూడరు. నేనైతే అక్కడినుంచే బయలుదేరమంటాను.

ఊరి సంపద అంతా పత్తి వల్ల రాలేదు. 1207లో జాన్ రాజు ఇచ్చిన శాసనంతో పట్టణమైన ఈ పల్లె, 1715లో నౌకలు నిలిచే డాకు కట్టుకొని, ఆ శతాబ్దం చివరికి బ్రిటిషు బానిస వ్యాపారంలో మొదటి రేవైనది. 1807లో ఆ వ్యాపారం నిషిద్ధమైనది. వీధుల పేర్లలో ఆ వర్తకుల పేర్లు నేటికీ మిగిలి ఉన్నవి. పాట వల్ల లోకప్రసిద్ధమైన పెన్నీ లేన్ కూడా జేమ్స్ పెన్నీ అనే బానిస వర్తకుని పేరున వెలసినదని అనుమానం పుట్టి, 2020లో కొందరు ఆ వీధి పలకలకు రంగు పూసినారు. పరిశోధకులు వెదకగా అందుకు ఆధారం దొరకలేదు. అక్కడికి వెళ్ళినవారికి కనబడేది బస్సులు మలుపు తిరిగే ఒక కూడలి, కొన్ని దుకాణాలు, అంతే. నిరాశపడనక్కరలేదు, పాట కట్టినవారికి కనబడినదీ అదే.

ఇక బస మాట. లైమ్ స్ట్రీట్ స్టేషనులో దిగి, నగరమధ్యంలోనే గది తీసుకోవడం మేలు. నార్త్ జాన్ స్ట్రీట్‌లో 1884 నాటి భవనంలో బీటిల్స్ చిత్రం పేరు పెట్టుకొన్న హార్డ్ డేస్ నైట్ హోటలు ఉన్నది. దాని గోడల మీద నలుగురి విగ్రహాలు నిలిపినారు. అయితే అది హోటలుగా తెరిచినది 2008లో. ఆ నలుగురూ అక్కడ కలిసి బస చేసిన చరిత్ర ఏదీ లేదు. పాతకాలపు వైభవం కావాలనుకొనేవారికి స్టేషనుకు దగ్గరలోనే, 1914లో పూర్తయిన అడెల్ఫీ భవనం ఉన్నది. నిద్ర సుకుమారమైనవారు మాత్రం మాథ్యూ స్ట్రీట్‌కు ఆనుకొని ఉండే గదులు తీసుకోకపోవడం మంచిది. రాత్రి పొద్దుపోయేదాకా అక్కడ పాట ఆగదు.

ఆ మాథ్యూ స్ట్రీట్‌లోనిదే కేవర్న్ క్లబ్బు. 1957 జనవరిలో జాజ్ సంగీతం కోసం ఒక గిడ్డంగి నేలమాళిగలో తెరిచినారు. 1961 ఫిబ్రవరి 9న మధ్యాహ్న భోజనవేళ బీటిల్స్ అక్కడ మొదటిసారి పాడినారు; 1963 ఆగస్టు 3న ఆఖరిసారి. ఈ నడుమ 292 కచేరీలు జరిగినవని లెక్క. ఊరికి గల్లీ గల్లీనా కీర్తి తెచ్చిన ఈ మాళిగను 1973లో మూయించి, పైభవనం పడగొట్టి, పూడ్చివేసినారు. కారణం: భూగర్భ రైలుమార్గానికి గాలిగొట్టం కావాలట. ఆ గొట్టం అక్కడ వేయనే లేదు. 1984లో పాత ఇటుకలు కొన్ని వాడి, పాత స్థలంలో చాలా భాగం కలిసివచ్చేటట్లు క్లబ్బును మళ్ళీ కట్టినారు. లోపలికి దిగేవారు ఈ సంగతి తెలిసి దిగవలెను.

అందుచేత నా దృష్టిలో ఈ యాత్రకు ప్రాణం కేవర్న్ కాదు, దక్షిణ శివారులోని రెండు ఇళ్ళు. రెండింటినీ నేషనల్ ట్రస్ట్ కాపాడుతున్నది. ముందుగా టికెట్టు తీసుకొని వారి చిన్న బస్సులోనే వెళ్ళాలి, సంవత్సరం పొడవునా తెరిచి ఉండవు కూడా. కనుక ప్రయాణం తేదీలు ఈ టికెట్టును బట్టి నిర్ణయించుకొని, బస ఏర్పాటు తరువాత చూసుకోవాలి.

మొదటిది మెన్లవ్ ఎవెన్యూలోని ‘మెండిప్స్’. ఐదో ఏట నుంచి జాన్ తన పెద్దమ్మ మిమీ దగ్గర ఇక్కడ పెరిగినాడు. ఇల్లు గడవడానికి ఆమె విద్యార్థులకు గదులు అద్దెకిచ్చేది. తల్లి జూలియా 1958 జూలై 15న ఈ ఇంటికి వచ్చి తిరిగి వెళ్తూ, ఎదుటి రోడ్డు మీదనే కారు తగిలి మరణించినది. రెండవది ఫోర్త్‌లిన్ రోడ్ 20వ నెంబరు, నగరపాలక సంస్థ కట్టి అద్దెకిచ్చిన వరుస ఇళ్ళలో ఒకటి. మంత్రసాని పని చేసే మేరీ మెకార్ట్‌నీ పిల్లలకు మెరుగైన పేట దొరికినదని 1955లో సంతోషంగా ఇక్కడికి మారి, మరుసటి అక్టోబరులోనే క్యాన్సరుతో కన్నుమూసినది. తల్లి లేని ఇద్దరు కుర్రవాళ్ళు, తండ్రి పనికి వెళ్ళిన వేళ, ముందుగదిలో గిటార్లు పట్టుకొని ఎదురెదురుగా కూర్చొని పాటలు కట్టినారు. ఆ గది మన పట్టణాలలోని గుమాస్తాల గదుల కంటె పెద్దదేమీ కాదు.

ప్రభువుల మేడలను కాపాడటానికి పేరుపడిన సంస్థ 1995లో ఒక అద్దె ఇంటిని కొన్నప్పుడు, ఇదేమి చరిత్ర అని నొసలు ముడిచినవారున్నారు. కార్మికుని ఇంటికి చరిత్ర లేదనేవారికి డింగిల్ పేట మంచి జవాబు. రింగో పుట్టిన మాడ్రిన్ స్ట్రీట్ 9వ నెంబరు ఇంటిని, ఆ వీధులన్నిటితోపాటు పడగొట్టాలని సంకల్పించినారు. నివాసులు, అభిమానులు పోరాడగా 2012లో ఆ ఇల్లు బతికినది. అదే నగరం రేవు ఒడ్డున కొత్త కట్టడాలు లేపి, 2004లో దక్కిన ప్రపంచ వారసత్వ హోదాను 2021లో పోగొట్టుకొన్నది.

సమయం మిగిలితే వూల్టన్‌లోని సెయింట్ పీటర్స్ చర్చికి వెళ్ళవచ్చును. 1957 జూలై 6న అక్కడి తిరునాళ్ళ రోజున, రోడ్డుకు ఆవలి హాలులో జాన్, పాల్ మొదటిసారి కలుసుకొన్నారు.

రేడియో ఉన్న ఇళ్ళవారికి ఒక్క మాట. జిమ్ మెకార్ట్‌నీ తన ఇంట్లో కిందిగది రేడియో నుంచి తీగలు లాగి, పిల్లలు పడుకొని వినేందుకు హెడ్‌ఫోనులు అమర్చినాడు. 1962 మార్చి 7న బీటిల్స్ మాంచెస్టరులోని ఒక నాటకశాలలో బి.బి.సి. కోసం మొదటిసారి పాడినారు. మరునాడు అది ప్రసారమైనది. 1965 జూన్ వరకు వారు రేడియోలో 88 పాటలను 275 సార్లు వినిపించినారు. ఆ టేపులలో చాలా వాటిని బి.బి.సి. దాచుకోలేదు. తరువాత వెదకబోతే, ఇంట్లో రేడియో ముందు రికార్డరు పెట్టుకొన్న శ్రోతల దగ్గర కొన్ని దొరికినవి.