భట్టిప్రోలు స్తూపము

బాపట్ల జిల్లాలో, తెనాలినుండి రేపల్లెకుఁ బోవు రైలుమార్గమునఁ గల భట్టిప్రోలు గ్రామము, క్రీస్తు పూర్వపు బౌద్ధ మహాస్తూపమునకును, కుబీరకుఁడను రాజు పేరును నిలిపిన ధాతుకరండ శాసనములకును ప్రసిద్ధము. కాలువ పనులకు రాతిపలకలను, బాటకు ఇటుకలను తరలింపఁగా మిగిలిన దిబ్బను 1892లో అలెగ్జాండర్ రీ త్రవ్వించెను. ఆ నష్టము తలఁచినప్పుడెల్ల మనసు కలుక్కుమనును.

స్తూపగర్భమున మూఁడు శిలాకరండములు బయల్పడెను. వానియందు స్ఫటికపు భరిణె, బంగారు పూలు, ముత్యములు, పగడములు, ధాతుశకలము లభించినవి. కరండములపైని ప్రాకృత శాసనములను బ్యూలర్ పండితుఁడు చదివి ప్రకటించెను. కురుని తండ్రియు, తల్లియు, కురుఁడును, శివుఁడును బుద్ధధాతువును నిక్షేపించుటకై కరండమును చేయించి, స్ఫటికపు భరిణెను సమర్పించిరని ఒకదానియందుఁ గలదు. రాజనామముకంటె ఈ గృహస్థుల పేర్లే చదువరి హృదయమును ముందుగాఁ దాఁకును. అశోకుని బ్రాహ్మియందువలెఁ గాక, ఈ శాసనముల లిపిలో హల్లునందు అకారము సహజముగా నిమిడియుండదు. దానిని ప్రత్యేకముగా నొక గీఁతతో సూచింపవలెను. దక్షిణాపథ లిపుల చరిత్రకు ఇది అమూల్యమైన ఆధారము.

సింహళమునుండి వచ్చి, పరదేశమునఁ దన ధర్మమును నిలుపఁ బూనిన అనగారిక ధర్మపాలుఁడు కలకత్తాలో శ్రీ ధర్మరాజిక విహారమును నిర్మింపఁగా, 1920లో అందుఁ బ్రతిష్ఠితమైన ధాతువు ఈ భట్టిప్రోలునుండి వెడలినదే.